తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా? పరిణామానికి పరీక్ష పెట్టిన సైంటిస్టు కథ



ముందు ఒక సీన్ ఊహించుకోండి. ఒక గది. మధ్యలో నిలువుగా ఒక సన్నటి కర్ర. ఆ కర్రని పట్టుకుని మన ఇంటి బల్లి సైజులో ఒక చిన్న జీవి. దానికి ఎదురుగా ఒక సైంటిస్టు. ఆయన చేతిలో ఏముందో తెలుసా? ఎండుటాకులు ఊదేసే మెషీన్. లీఫ్ బ్లోయర్ అంటారు దాన్ని.

స్విచ్ వేశారు. గాలి మెల్లగా మొదలై పెరుగుతూ పోయింది. ఆ జీవి గాలి తగలకుండా కర్ర వెనక్కి తిరిగింది, పట్టు బిగించింది. గాలి ఇంకా పెరిగింది. వెనక కాళ్లు జారిపోయాయి. ముందు కాళ్ల మీదే వేలాడుతూ, ఒళ్లంతా జెండాలా రెపరెపలాడుతోంది. చివరికి పట్టు వదిలేసింది, వెనక కట్టిన వలలో మెత్తగా పడింది. దానికి దెబ్బేమీ తగల్లేదు.

చూస్తే ఎవరో సరదాకి చేసిన రీల్ లాగా ఉంటుంది. కానీ ఈ ప్రయోగం 2018లో 'నేచర్' అనే పత్రికలో వచ్చిన పరిశోధనలో భాగం. సైన్స్ ప్రపంచంలో 'నేచర్' అంటే ఏ స్థాయో మీకు తెలిసే ఉంటుంది. మరి ఒక బల్లి మీదకి గాలి ఊదితే అంత పెద్ద పత్రికలో ఎందుకు వేశారు? ఈ రోజు ఎపిసోడ్ అంతా దాని గురించే. లీఫ్ బ్లోయర్ దగ్గరికి మళ్లీ వద్దాం. దానికంటే ముందు చాలా కథ ఉంది.

సామెతలో ఉన్న చిక్కు

మనకి ఒక సామెత ఉంది కదా, "తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అని. మనిషి ముదిరిపోయాడు అని తిట్టడానికి వాడతాం. తిట్టు వరకూ బాగానే ఉంది. కానీ జీవ పరిణామం, అంటే ఎవల్యూషన్ గురించి మనలో చాలామంది బుర్రలో ఉన్న బొమ్మ కూడా సరిగ్గా ఇదే. ఒక జంతువు ఉంటుంది, దానికి ఏదో అవసరం వస్తుంది, అది మెల్లగా మారిపోతుంది. జిరాఫీ మెడ సాగదీసింది, పొడుగైంది. కోతి ముదిరింది, మనిషైంది.

అలా జరగదండీ. ఒక తొండ పుట్టిన దగ్గర్నుంచి చచ్చేదాకా తొండే. ఎంత ముదిరినా ముదురు తొండ అవుతుంది, అంతే.

మరి మారేది ఏంటి? గుంపు. వంద తొండలు ఉన్నాయనుకోండి. అన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటికి కాళ్లు ఒక మిల్లీమీటర్ పొడుగు, కొన్నింటికి పొట్టి. ఏదో ఆపద వచ్చింది, పొడుగు కాళ్లవే ఎక్కువ బతికాయి. వాటికే పిల్లలు పుట్టాయి. తర్వాతి తరంలో సగటు కాలు కొంచెం పొడుగైంది. ఏ ఒక్క తొండా మారలేదు, కానీ తొండల గుంపు మారింది. స్కూల్ పుస్తకంలో దీన్నే ప్రకృతి వరణం అన్నారు. పేరు బరువుగా ఉంది కానీ విషయం ఇంతే.

"సరే బ్రో, థియరీ బానే ఉంది. ఇది జరుగుతుండగా ఎవరైనా చూశారా?" అని అడుగుతారు కదా. అడగాలి కూడా. కోట్ల సంవత్సరాల కింద ఏదో జరిగిందని చెప్తే, కళ్లారా చూడని దాన్ని ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్నని సీరియస్‌గా తీసుకుని జీవితమంతా బల్లుల వెంట తిరిగిన ఒక సైంటిస్టు ఉన్నారు. ఆయన పేరు జొనాథన్ లోసోస్.

ఎవరీయన?

లోసోస్ 1961లో పుట్టారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ ఆయన ఊరు. చిన్నప్పుడు ఇంట్లో కెయ్‌మన్‌ని పెంచుకున్నారు. కెయ్‌మన్ అంటే మొసలికి చుట్టం! పిచ్చి అక్కడి నుంచే మొదలన్నమాట. హార్వర్డ్‌లో డిగ్రీ, బర్క్‌లీలో పీహెచ్‌డీ. తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో, హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేసి, 2018లో మళ్లీ సొంత ఊరికే వచ్చేశారు.

ఆయన ఎంచుకున్న జీవి పేరు అనోల్. తెలుగులో దీనికి పేరు లేదు, ఎందుకంటే మన దేశంలో ఇది ఉండదు. కరీబియన్ దీవులు, అమెరికా దక్షిణ భాగం, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, ఇవి దీని ఇలాకా. దాదాపు 400 జాతులున్నాయి. చూడ్డానికి తొండకీ బల్లికీ మధ్యలో ఉంటుంది. పగలు తిరుగుతుంది, పురుగుల్ని తింటుంది. మగదాని గొంతు కింద ఒక తోలు ఉంటుంది, దాన్ని విసనకర్రలా విప్పి చూపిస్తుంది. ఎరుపు, పసుపు, నారింజ, జాతిని బట్టి రంగు. మన తొండ తల ఊపుతూ గొంతు ఎర్రగా చేసి రుబాబు చూపిస్తుంది కదా, ఇది కూడా అదే టైపు.

కాలి వేళ్ల కింద మాత్రం మన బల్లికి ఉన్నట్టే ప్యాడ్‌లు ఉంటాయి. వాటిమీద కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకల్లాంటివి. వాటితోనే నున్నటి ఆకు మీద, గోడ మీద పట్టు దొరుకుతుంది. ఇందులో విశేషం ఏంటంటే, బల్లీ అనోల్ దగ్గర బంధువులు కావు. ఈ ప్యాడ్ వాటికి తాతల నుంచి వచ్చిన ఆస్తి కూడా కాదు. వేర్వేరుగా, ఎవరికి వాళ్లు సంపాదించుకున్నారు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, కథ ముందుకెళ్తే ఇదే మళ్లీ మళ్లీ వస్తుంది.

నాలుగు దీవులు, ఒకే ఆన్సర్

1989లో స్టీఫెన్ జే గూల్డ్ అనే ప్రముఖ శాస్త్రవేత్త ఒక పుస్తకం రాశారు, పేరు 'వండర్‌ఫుల్ లైఫ్'. అందులో ఒక పెద్ద ప్రశ్న వేశారు. భూమి మీద జీవం చరిత్ర ఒక టేప్ అనుకుందాం. దాన్ని మొత్తం చెరిపేసి, మొదటికి తిప్పి, మళ్లీ ప్లే చేస్తే ఇదే సినిమా వస్తుందా? మళ్లీ మనుషులు వస్తారా? గూల్డ్ ఆన్సర్, రారు అని. మధ్యలో ఎక్కడో చిన్న తేడా వచ్చినా కథ వేరే దారిలో పోతుంది అన్నారు. ఇంకొంతమంది ఒప్పుకోలేదు. సమస్య ఒకటే అయితే పరిష్కారం కూడా ఒకటే వస్తుంది కదా అన్నారు.

టేప్‌ని వెనక్కి తిప్పడం మన చేతిలో లేదు. కానీ ప్రకృతే నాలుగుసార్లు ప్లే చేసి పెట్టిన చోటు ఒకటి ఉంది. కరీబియన్‌లోని నాలుగు పెద్ద దీవులు: క్యూబా, హిస్పానియోలా, జమైకా, ప్యూర్టో రికో. హిస్పానియోలా అంటే హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలు రెండూ ఉన్న దీవి.

ఈ నాలుగు దీవుల్లో ఎక్కడికెళ్లినా అనోల్స్ ఒక పద్ధతిగా సర్దుకుని ఉంటాయి. చెట్టు మొదట్లో, నేలకి దగ్గరగా ఉండేవి పొడుగు కాళ్లతో, గట్టి ఒంటితో ఉంటాయి. సన్నటి పుల్లల మీద ఉండేవి పొట్టి కాళ్లతో, బక్కగా, మెల్లగా పాకుతూ ఉంటాయి. పైన ఆకుల్లో ఉండేవి పచ్చగా, పెద్ద ప్యాడ్‌లతో. చెట్టు చిటారున ఉండేవి భారీ సైజులో. ఈ నాలుగు రకాలూ నాలుగు దీవుల్లోనూ ఉన్నాయి. ఇంకో రెండు రకాలు కొన్ని దీవుల్లోనే ఉన్నాయి. హార్వర్డ్‌లో ఎర్నెస్ట్ విలియమ్స్ అనే ప్రొఫెసర్ లోసోస్ కంటే ముందే ఈ పద్ధతిని గమనించి, ఈ రకాలకి ఎకోమార్ఫ్‌లు అని పేరు పెట్టారు.

ఇప్పుడు ప్రశ్న. జమైకాలో పుల్లల మీద ఉండే అనోల్, క్యూబాలో పుల్లల మీద ఉండే అనోల్ అచ్చం ఒకలాగే ఉన్నాయంటే, అవి అన్నదమ్ములా? ఒక దీవిలో పుట్టి ఇంకో దీవికి కొట్టుకొచ్చాయా? లేక ఎక్కడికక్కడ విడిగా తయారయ్యాయా?

1998లో లోసోస్, ఆయన టీమ్ డీఎన్‌ఏ పోల్చి చూసి 'సైన్స్' పత్రికలో ఆన్సర్ ఇచ్చారు. విడిగానే తయారయ్యాయి. జమైకా పుల్ల అనోల్‌కి దగ్గర బంధువులు జమైకాలోని మిగతా అనోల్సే. పోలిక క్యూబాతో, చుట్టరికం మాత్రం ఇంట్లోవాళ్లతో.

మన భాషలో చెప్పాలంటే, నాలుగు టీమ్‌లకి ఒకే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ ఇచ్చారు. ఒకరి కోడ్ ఒకరు చూడలేదు. అయినా నలుగురూ దాదాపు ఒకే డిజైన్ పట్టుకొచ్చారు. కాపీ కొట్టలేదని డీఎన్‌ఏ సాక్ష్యం చెప్తోంది. అంటే ఆ డిజైన్‌లో ఏదో గట్టి కారణం ఉన్నట్టే కదా.

కారణం సింపుల్. వెడల్పు కాండం మీద పొడుగు కాళ్లు ఉంటే స్పీడ్ వస్తుంది. అదే పొడుగు కాళ్లతో సన్నటి పుల్ల మీద పరిగెత్తితే తడబడుతుంది. లోసోస్ వేర్వేరు మందాల కర్రల మీద వేర్వేరు జాతుల్ని పరిగెత్తించి మరీ దీన్ని కొలిచారు.

చూడటం కాదు, చేసి చూపించు

ఇక్కడిదాకా చెప్పింది జరిగిపోయిన కథ. జరుగుతున్నది చూడాలంటే బహామాస్ వెళ్లాలి. అక్కడ ఇల్లంత, గ్రౌండంత ఉండే బుల్లి దీవులు వందల కొద్దీ ఉన్నాయి.

1977లో, మళ్లీ 1981లో థామస్ షోనర్ అనే ఎకాలజిస్ట్, ఎమీ షోనర్ కలిసి, అనోల్స్ లేని కొన్ని చిన్న దీవుల్లో గోధుమ రంగు అనోల్స్‌ని వదిలారు. తీసుకొచ్చింది స్టానియల్ కే అనే పెద్ద దీవి నుంచి. వాళ్ల ఉద్దేశం వేరు, చిన్న దీవిలో ఇవి ఎలా అంతరించిపోతాయో చూద్దామని. కానీ చాలాచోట్ల ఇవి పోలేదు సరికదా, పిల్లాపాపలతో స్థిరపడిపోయాయి.

స్టానియల్ కేలో చెట్లు పెద్దవి. చిన్న దీవుల్లో ఉన్నవి పొదలు, సన్నటి కొమ్మలు. లోసోస్ లెక్క ప్రకారం కాళ్లు పొట్టి అవ్వాలి. పదేళ్లు దాటాక వెళ్లి కొలిచారు. నిజంగానే, మొక్కలు ఎంత తేడాగా ఉన్న దీవి అయితే అనోల్స్ కూడా అంత తేడాగా కనిపించాయి. 1997లో ఈ పేపర్ 'నేచర్'లో వచ్చింది. పరిణామం పదేళ్లలో కనపడిందని పెద్ద వార్త అయింది.

కానీ నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం దీని తర్వాత వస్తుంది. ఒక డౌట్ ఉంది. జిమ్‌కి వెళ్తే కండలు పెరుగుతాయి, అది పరిణామం కాదు, మన పిల్లలకి పుట్టుకతో రాదు. అలాగే సన్నటి కొమ్మల మీద పెరిగిన పిల్ల అనోల్‌కి కాళ్లు పొట్టిగా ఎదుగుతాయేమో? జీన్స్‌లో మార్పే లేదేమో? లోసోస్ టీమే దీన్ని టెస్ట్ చేసింది. పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని వెడల్పు చెక్కల మీద, ఇంకో గుంపుని సన్నటి పుల్లల మీద పెంచారు. 2000లో వచ్చిన రిజల్ట్: వెడల్పు చెక్కల మీద పెరిగిన వాటి కాళ్లు నిజంగానే కొంచెం పొడుగు! అంటే ఆ దీవుల్లో కనపడిన తేడా కొంతవరకైనా పెంపకం వల్ల కావచ్చు.

పేపర్ 'నేచర్'లో వచ్చి, పేరు వచ్చేసిన తర్వాత, దాన్నే ఇరకాటంలో పెట్టే ప్రయోగం తామే చేసి పబ్లిష్ చేశారు. మన కోడ్‌లో బగ్ ఉందేమో అని రిలీజ్ తర్వాత మనమే వెతకడం లాంటిది. ఇలా చేసేవాళ్ల మాట మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఆర్నెల్లలో తిరగబడిన ఆట

అందుకే తర్వాతి ప్రయోగాలు ఇంకా గట్టిగా డిజైన్ చేశారు. బహామాస్‌లో రింగు తోక బల్లి ఒకటి ఉంది. తోక పైకి చుట్టుకుని ఉంటుంది, సైజులో పెద్దది, నేల మీద తిరుగుతుంది, దొరికితే గోధుమ అనోల్‌ని మింగేస్తుంది. 12 చిన్న దీవులు తీసుకుని, ఆరింట్లో దీన్ని వదిలారు. మిగతా ఆరింట్లో వదల్లేదు. పక్కా ఏ/బీ టెస్ట్. ముందే ప్రతి అనోల్‌నీ పట్టి, కాళ్లు కొలిచి, గుర్తు పెట్టి వదిలారు. పట్టుకోవడం ఎలాగంటారా? గేలపు కర్ర లాంటి పొడుగు కర్ర, దాని కొసకి ఒక చిన్న ఉచ్చు. పీహెచ్‌డీలు చేసినవాళ్లు ఎండలో నిలబడి రోజంతా ఇదే పని.

ముందుగానే అంచనా కూడా చెప్పేశారు. మొదట అనోల్స్ నేల మీదే ఉంటాయి కాబట్టి పరిగెత్తగలిగిన పొడుగు కాళ్లవి బతుకుతాయి. ఆ తర్వాత భయపడి పొదల పైకి ఎక్కేస్తాయి. అక్కడ సన్నటి కొమ్మల మీద పొట్టి కాళ్లవి నెగ్గుతాయి.

మొదటి ఆరు నెలల తర్వాత చూశారు. రింగు తోక ఉన్న దీవుల్లో బతికినవి పొడుగు కాళ్లవే. ఇంకో ఆరు నెలల తర్వాత చూశారు. ఆట తిరగబడింది, పొట్టి కాళ్లవి నెగ్గాయి. 2006లో 'సైన్స్'లో వచ్చింది. ఇక్కడ కొలిచింది పెంపకాన్ని కాదు. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నదాన్ని. ఒక్క ఏడాదిలో ప్రకృతి రెండు దిక్కులకీ లాగింది.

కూడికలో ప్లస్ ఐదు, మైనస్ ఐదు కలిస్తే సున్నా కదా. వందేళ్ల తర్వాత వచ్చి చూసేవాడికి ఇక్కడ ఏమీ జరగలేదనిపిస్తుంది. పరిణామం చాలా నెమ్మది అని మనకి అనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. గబగబా ముందుకి, గబగబా వెనక్కి.

తుఫాను మిగిల్చిన ఖాళీ స్లేట్

2004 సెప్టెంబర్‌లో ఫ్రాన్సిస్ అనే హరికేన్ వచ్చింది. హరికేన్ అంటే మన బంగాళాఖాతం తుఫాను లాంటిదే, అట్లాంటిక్‌లో ఆ పేరుతో పిలుస్తారు. సముద్రం ఆ చిన్న దీవుల మీదుగా పొర్లిపోయింది. కొన్నిటి మీద ఒక్క అనోల్ కూడా మిగల్లేదు. ఏళ్ల తరబడి పడ్డ కష్టం నీళ్లలో కలిసింది, అక్షరాలా.

వాళ్లు ఏం చేశారంటే, ఆ ఖాళీ దీవుల్నే కొత్త ప్రశ్నకి వాడుకున్నారు. 2005లో ఏడు దీవులు ఎంచుకుని, దగ్గర్లోని చెట్లున్న పెద్ద దీవి నుంచి లాటరీ పద్ధతిలో జంటలు తీసి, ఒక్కో దీవికి ఒక మగ, ఒక ఆడ చొప్పున వదిలారు. కొన్ని జంటలకి కాళ్లు పొడుగు, కొన్నిటికి పొట్టి, అది లక్.

గూల్డ్ అడిగిన టేప్ గుర్తుందా? ఇది అదే, ఏడుసార్లు ప్లే చేస్తున్నారు.

నాలుగేళ్లు కొలిచారు. అన్ని దీవుల్లో కాళ్లు పొట్టి అవుతూ వచ్చాయి. దిక్కు ఒకటే. కానీ పొడుగు కాళ్ల జంటతో మొదలైన దీవి, పొట్టి అయ్యాక కూడా మిగతా వాటికంటే పొడుగు గానే ఉంది. ఎక్కడ మొదలైందో ఆ గుర్తు చెరిగిపోలేదు. 2012లో ఇది 'సైన్స్'లో వచ్చింది.

నాకైతే మొత్తం వాదనకి ఇదే ఆన్సర్ అనిపించింది. గూల్డ్ కొంత కరెక్ట్, ఆయన్ని కాదన్నవాళ్లూ కొంత కరెక్ట్. ఎటు వెళ్లాలో పరిస్థితి చెప్తుంది. ఎంత దూరం వెళ్లగలం అన్నది ఎక్కడ మొదలయ్యాం అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. మన జీవితాల్లో కూడా ఇంతేగా అనిపిస్తే మీ ఇష్టం, నేను మాత్రం బల్లుల గురించే చెప్తున్నా.

పెంపకం డౌట్ తీరిందా?

ఫ్లోరిడాలో పచ్చ అనోల్ ఉండేది. క్యూబా నుంచి గోధుమ అనోల్ వచ్చి చేరింది. 1995లో కొన్ని చిన్న దీవుల్లో గోధుమ అనోల్‌ని ప్రయోగం కోసమే వదిలారు. పచ్చవి కింద చోటు వదిలేసి చెట్ల పైకి మారిపోయాయి. 15 ఏళ్ల తర్వాత లోసోస్ స్టూడెంట్ యోయెల్ స్టువర్ట్ వెళ్లి కొలిచారు. సుమారు 20 తరాలు గడిచాయి. గోధుమవి వచ్చిన దీవుల్లో పచ్చవాటి ప్యాడ్‌లు పెద్దవయ్యాయి.

ఈసారి డౌట్ ముందే తీర్చేశారు. రెండు రకాల దీవుల నుంచి తెచ్చిన ఆడవాటి గుడ్లని ల్యాబ్‌లో పొదిగించి, పిల్లల్ని ఒకే చోట, ఒకేలా పెంచారు. అయినా ప్యాడ్‌ల తేడా అలాగే ఉంది. అంటే అది పెంపకం కాదు, పుట్టుక. 2014లో ఈ ఫలితం వచ్చింది.

ఇప్పుడు లీఫ్ బ్లోయర్ దగ్గరికి

2017లో కాలిన్ డోనిహ్యూ అనే యువ సైంటిస్టు, ఆయన టీమ్, టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో రెండు చిన్న దీవులకి వెళ్లారు. లోసోస్ కూడా ఈ పరిశోధనలో భాగస్వామి. అక్కడి అనోల్స్‌ని కొలిచి బయల్దేరారు. వాళ్లు వెళ్లిన కొద్ది రోజులకే, సెప్టెంబర్‌లో ఇర్మా హరికేన్ సరిగ్గా ఆ దీవుల మీదుగా పోయింది. గాలి వేగం గంటకి 250 కిలోమీటర్ల పైన. రెండు వారాల తర్వాత మరియా అనే ఇంకో హరికేన్. 2014లో హుద్‌హుద్ చూసిన వైజాగ్ వాళ్లకి ఇలాంటి గాలి అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు.

తుఫానుకి ముందు కొలతలు చేతిలో ఉన్నాయి. ఇలాంటి అవకాశం కావాలని ప్లాన్ చేసినా దొరకదు. వెంటనే వెనక్కి వెళ్లి, బతికిన వాటిని కొలిచారు. బతికిన వాటి ప్యాడ్‌లు సగటున పెద్దవి. ముందు కాళ్లు పొడుగు. వెనక తొడలు మాత్రం పొట్టి.

ప్యాడ్ పెద్దదైతే పట్టు ఎక్కువ, అది అర్థమైంది. తొడ ఎందుకు పొట్టి? ఇక్కడే లీఫ్ బ్లోయర్ పని చేసింది. మొదట్లో చెప్పిన సీన్ గుర్తు తెచ్చుకోండి. ముందు కాళ్లతో పట్టుకుంటుంది, వెనక కాళ్లు గాల్లోకి వచ్చేస్తాయి. తొడ పొడుగైతే తెరచాపలా గాలి పట్టేస్తుంది, దాన్ని లాగి పారేస్తుంది. పొట్టి తొడ ఉంటే గాలికి దొరికేది తక్కువ.

ఇది ఒక్కసారి జరిగిన వింత అయితే వదిలేయొచ్చు. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వెళ్లి చూశారు, తర్వాతి తరంలో కూడా ప్యాడ్‌లు పెద్దగానే ఉన్నాయి. 70 ఏళ్ల హరికేన్ రికార్డులు, 188 అనోల్ జాతుల కొలతలు పక్కపక్కన పెట్టారు. హరికేన్లు ఎక్కువ తగిలిన చోట్ల ప్యాడ్‌లు పెద్దవి. ఇది 2020లో వచ్చింది.

ఊళ్లలో కూడా ఇదే ఆట నడుస్తోంది. ప్యూర్టో రికోలో క్రిస్టిన్ వించెల్ అనే సైంటిస్టు మూడు నగరాల్లో చూశారు. సిమెంట్ గోడలు, ఇనుప స్తంభాల మీద బతికే అనోల్స్‌కి అడవిలో వాటికంటే కాళ్లు పొడుగు, ప్యాడ్‌ల కింద పొరలు ఎక్కువ. గుడ్లు తెచ్చి ఒకేలా పెంచినా ఆ తేడా పోలేదు. మనం కట్టిన గోడలు వాటికి కొత్త దీవులయ్యాయి.

మనకెందుకు ఇదంతా?

రెండు కారణాలు చెప్తాను.

ఒకటి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం నుంచి పరిణామం భాగాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు వద్దని బహిరంగ లేఖ రాశారు. పన్నెండులో బయాలజీ తీసుకుంటే ఆ పాఠం ఉంటుంది. కానీ మన దగ్గర పదో తరగతి అవ్వగానే ఎంతమంది ఎంపీసీలోకి దూకేస్తారో మీకు తెలుసు. నేనూ ఎంపీసీ, బీటెక్ బ్యాచే. ఆ పుస్తకంతో పదో తరగతి దాటి ఇలా వచ్చేవాళ్లకి, పరిణామం అంటే క్లాసులో కాకుండా వాట్సాప్ ఫార్వర్డుల్లోనే తెలుస్తుంది. "అంతా థియరీయే, ఎవరూ చూడలేదు" అని ఎవరైనా అంటే, చూసినవాళ్లు ఉన్నారు, ఉచ్చు కర్రతో పట్టి, స్కేలుతో కొలిచి, డౌట్ వస్తే మళ్లీ కొలిచారు అని మీరు చెప్పగలగాలి.

రెండు. దీన్ని ఉల్టాగా అర్థం చేసుకునే ప్రమాదం కూడా ఉంది. "ఓహో, జంతువులు ఇంత ఫాస్ట్‌గా మారతాయా, అయితే వాతావరణం ఎంత పాడైనా అవే సర్దుకుంటాయిలే" అని. 2004లో ఫ్రాన్సిస్ వచ్చినప్పుడు ఆ చిన్న దీవుల్లో ఏం జరిగిందో చూశాం కదా. సర్దుకోవడానికి ఎవరూ మిగల్లేదు. ఎంచుకోవాలంటే ముందు కొంతమంది బతకాలి, వాళ్లలో తేడాలు ఉండాలి, పిల్లల్ని కనేంత టైమ్ ఉండాలి. అనోల్స్ ఏడాదికే పిల్లల్ని కంటాయి. ఏనుగులకి, తాబేళ్లకి ఆ సౌకర్యం లేదు. పైగా ప్రతి ఎంపిక వెనకా చాలా చావులు ఉంటాయి. "బతికినవాటి ప్యాడ్‌లు పెద్దవి" అన్న వాక్యంలో కనపడనివి, చిన్న ప్యాడ్‌లతో గాలికి కొట్టుకుపోయినవే.

చివరగా, ఊసరవెల్లి

మళ్లీ టేప్ ప్లే చేస్తే మనుషులు వస్తారా అన్న ప్రశ్నకి లోసోస్ ఏమంటారు? 2017లో 'ఇంప్రాబబుల్ డెస్టినీస్' అని ఒక పుస్తకమే రాశారు. చుట్టాలైన జీవులకి ఒకేలాంటి పరిస్థితి వస్తే దారి చాలావరకు ఊహించొచ్చు. కానీ కోట్ల ఏళ్ల దూరం వెళ్తే అలా కుదరదు. ప్లాటిపస్ లాంటిది ఇంకెక్కడా రాలేదు. మనలాంటిది కూడా.

అయితే "ఇది ఒక్కసారే వచ్చింది" అని తేల్చేయడానికి కూడా తొందరపడకూడదు. క్యూబాలో ఒక రకం అనోల్ ఉంది. పెద్ద తల, మెల్లటి నడక, కొమ్మ మీద నాచులా కలిసిపోయే రంగు. అచ్చం ఊసరవెల్లి! మిగతా మూడు దీవుల్లో దీనికి జోడీ లేదు, కాబట్టి ఇది క్యూబాకే స్పెషల్ అని చాలాకాలం అనుకున్నారు. 2016లో డొమినికన్ రిపబ్లిక్ అడవుల నుంచి వార్త వచ్చింది. అక్కడ కూడా ఒకటి దొరికింది! మిగెల్ లాండెస్టోయ్ అనే ప్రకృతి ప్రేమికుడి కంటపడింది, ఆయన పేరే దానికి పెట్టారు. ఆ పేపర్ రాసినవాళ్లలో లోసోస్ కూడా ఉన్నారు.

అదీ సంగతి. మన సామెత పూర్తిగా తప్పు కాదేమో. తొండ, ఊసరవెల్లి నిజంగానే దగ్గర బంధువులు. అటు కరీబియన్‌లో అనోల్ వంశంలో ఊసరవెల్లి లాంటివి రెండు దీవుల్లో తయారయ్యాయి. కాకపోతే ముదరడం వల్ల కాలేదు. ఎన్నో తరాలు పుట్టి, చచ్చి, మిగిలిన వాటి పిల్లల వల్ల అయ్యాయి.

ఈసారి గోడ మీద బల్లి కనపడితే చీపురు తీసే ముందు దాని వేళ్ల కింద ఒకసారి చూడండి. కరీబియన్‌లో వేరే వంశం వాళ్లు విడిగా కనిపెట్టిన టెక్నాలజీ అదే. మీ ఇంటి చుట్టుపక్కల బల్లులు, తొండల్లో మీరు గమనించిన వింతలు ఏమైనా ఉంటే కామెంట్లలో రాయండి, చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, బై!